హరిశ్చంద్రపురం ఎక్కడుంది? ఎర్రన్నాయుడు రాజకీయం అర్థం కావాలంటే ముందు అది తెలియాలి

విశాఖ నుంచి పలాస పోయే పాసింజర్‌లో కూర్చుంటే ఆమదాలవలస దాటాక ఉర్లాం, తిలారు అలా వచ్చి హరిశ్చంద్రపురం అని శ్రీకాకుళం జిల్లాలో ఓ చిన్న స్టేషన్ వస్తుంది. పెద్ద బళ్లేవీ అక్కడ ఆగవు, కిటికీ లోంచి బోర్డు చదివేలోపే అది వెనక్కి వెళ్లిపోతుంది. ఈ పేరు మీద 2009 దాకా ఓ అసెంబ్లీ నియోజకవర్గం ఉండేదని చెప్తే మా ఇంట్లో ఇంటర్ చదివే కుర్రాడు నమ్మలేదు, ఫోన్ తీసి వెతికి, ఎమ్మెల్యే ఎవరూ లేరు కదా మావయ్యా అన్నాడు. లేరు, నిజమే, ఎందుకంటే సీటే లేదు ఇప్పుడు. కానీ ఆ లేని సీటే తెలుగుదేశం నాయకుడు, కేంద్ర మంత్రిగా చేసిన కింజరాపు ఎర్రన్నాయుడిని తయారు చేసింది, ఆయన్ని ఢిల్లీ పంపింది, తమ్ముడు అచ్చెన్నాయుడిని అసెంబ్లీకి పంపింది. ఆ సీటు మ్యాప్ మీద నుంచి మాయమైన ఏడాదే అన్నదమ్ములిద్దరూ ఓడిపోయారు. ఈ ముక్క వదిలేసి ఆయన కథ చెప్తే "టెక్కలి కింజరాపు వాళ్ల కంచుకోట" అనే ఓ తప్పుడు మాట దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. టెక్కలి వాళ్ల కంచుకోట ఈమధ్య అయింది, అది కూడా ముందు ఓడిపోయాక.

సరే మొదట్నుంచి వద్దాం. ఎర్రన్నాయుడు పుట్టింది 1957 ఫిబ్రవరి 23న, కోటబొమ్మాళి మండలం నిమ్మాడలో. హైవే మీద శ్రీకాకుళం నుంచి టెక్కలి వైపు వెళ్తుంటే తగిలే ఊరే అది, వ్యవసాయం చేసుకునే కుటుంబం, ఆయన లా చదువుకున్నారు. ఇక్కడ ఓ విషయం గుర్తు పెట్టుకోవాలి, విజయనగరంలో రాజకీయం అంటే కోట, రాజుగారు, ట్రస్టు, సింహాచలం దేవస్థానం, ఇదంతా ఓ వందల ఏళ్ల సరంజామా వెనకాల ఉంటుంది. శ్రీకాకుళంలో అలాంటిది పెద్దగా లేదు, ఇక్కడ లీడర్ అనేవాడు పొలం గట్టు మీద నుంచో, కోర్టు బార్ రూమ్ నుంచో, లేదంటే సర్దార్ గౌతు లచ్చన్న గారిలా ఉద్యమాల్లోంచో వస్తాడు. 1982 మార్చిలో ఎన్టీ రామారావు గారు పార్టీ పెట్టేసరికి ఇలాంటి చదువుకున్న బీసీ కుర్రాళ్లు ఊరూరా ఖాళీగా ఉన్నారు, కాంగ్రెస్‌లో పెద్దవాళ్ల వెనక క్యూలో నిలబడితే ఎప్పటికి టైం వస్తుందో తెలీదు, కొత్త పార్టీలో ఆ క్యూయే లేదు. 1983 జనవరిలో ఎన్నికలు, హరిశ్చంద్రపురం టికెట్ ఎర్రన్నాయుడికి. అప్పటికి ఆయనకి ఇరవై ఆరు కూడా నిండలేదు, ఎమ్మెల్యేగా నిలబడ్డానికి కావాల్సిన వయసే ఇరవై ఐదు. గెలిచారు. మళ్లీ 1985లో గెలిచారు. ఈ రెండూ పెద్ద లెక్కలోకి తీసుకోనక్కర్లేదు, సైకిల్ గుర్తు మీద అప్పుడు చాలామంది గెలిచారు.

అసలు కథ 1989 నుంచి.

ఆ ఏడాది రాష్ట్రమంతా గాలి తిరిగింది, 294 సీట్లలో కాంగ్రెస్‌కి 181, తెలుగుదేశానికి 74. ఆ 74లో హరిశ్చంద్రపురం ఒకటి. పక్కన నరసన్నపేటలో ధర్మాన ప్రసాదరావు కాంగ్రెస్ నుంచి అసెంబ్లీకి వచ్చింది కూడా ఈ ఎన్నికల్లోనే, అంటే రెండు మూడు దశాబ్దాల పాటు జిల్లాని చెరో పక్కకి లాగిన ఇద్దరూ ఎదురెదురు పార్టీల్లో సెటిల్ అయింది అప్పుడే అన్నమాట. పార్టీ ఓడిపోయినప్పుడు కూడా గెలిచినవాడికి ఓ సొంత ఓటు ఉందని అర్థం, కానీ అది ఎంత అనేది 1989లో ఎవరికీ కచ్చితంగా తెలీదు. అది తేలింది 1994లో, అది కూడా పార్టీయే తేల్చింది, టికెట్ ఇవ్వకుండా.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఎర్రన్నాయుడు జీవితాంతం తెలుగుదేశమే కదా, మరి 1994 రికార్డుల్లో హరిశ్చంద్రపురం ఎమ్మెల్యే పేరు పక్కన ఇండిపెండెంట్ అని ఏటి? ఏటంటే, మూడుసార్లు గెలిచిన సిట్టింగ్‌కి ఆసారి టికెట్ దక్కలేదు. ఎందుకు దక్కలేదని మా వైపు చెప్పుకునే కథలు బోలెడున్నాయి, అవి టీ కొట్టు దగ్గర బాగుంటాయి గానీ రాయడానికి పనికిరావు, వదిలేద్దాం. ఆయన ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేసారు, గెలిచారు. ఊరికే ఇలా ఒక్క లైన్లో చెప్తే ఇది ఎంత పెద్ద విషయమో తెలీదు, కాబట్టి ఆ సంవత్సరం ఎలాంటిదో కాస్త చూడండి. తెలుగుదేశం సొంతంగా 216 సీట్లు, కాంగ్రెస్ 26 దగ్గర ఆగిపోయింది, రాష్ట్రంలో సైకిల్ గుర్తు చూసి కళ్లు మూసుకుని గుద్దేసిన ఏడాది అది. దానికి తోడు ఎన్టీఆర్ గారు హిందూపురంతో పాటు ఇంకో చోట కూడా పోటీ చేసారు, ఆ ఇంకో చోటు ఎక్కడో కాదు, టెక్కలి. అంటే హరిశ్చంద్రపురానికి ఆనుకుని ఉన్న సీట్లో సాక్షాత్తూ పార్టీ పెట్టినాయనే అభ్యర్థి. ఒక గట్టు మీద రామారావు గారి సైకిలు, పక్క గట్టు మీద ఆ సైకిల్‌కి ఎదురు నిలబడ్డ మనిషి. రెండు చోట్లా జనం ఎవరికి వేయాలనుకున్నారో వాళ్లకే వేసారు, టెక్కలిలో రామారావు గారు గెలిచారు, హరిశ్చంద్రపురంలో ఎర్రన్నాయుడు గెలిచారు. చుట్టాలు అటూ ఇటూ ఉన్న పల్లెలు ఇవి, ఆడపిల్లని ఇక్కడ నుంచి అక్కడికి ఇచ్చినవాళ్లు, సంత ఒకటే, బస్సు ఒకటే. అయినా ఓటు మాత్రం గట్టు దాటగానే మారిపోయింది.

ఇండిపెండెంట్‌గా గెలవడం అంటే ఇప్పుడు వాట్సాప్‌లో గుర్తు ఫొటో పంపితే అయిపోతుందేమో గానీ అప్పుడు అలా కాదు. పార్టీ గుర్తు అయితే పన్నెండేళ్లుగా గోడల మీద ఉంది, ముసలమ్మకి కూడా తెలుసు. ఇండిపెండెంట్‌కి నామినేషన్ల విత్‌డ్రా గడువు అయ్యాకే గుర్తు ఇస్తారు, అక్కడ నుంచి పోలింగ్‌కి కొద్ది వారాలే. ఆ కొద్ది వారాల్లోనే ప్రతి పల్లెకీ ఆ కొత్త బొమ్మ చేరాలి, "సైకిల్ కాదమ్మా ఈసారి ఇది" అని చెప్పాలి, బ్యాలెట్ పేపర్ మీద స్వస్తిక్ ముద్ర సరిగ్గా ఆ గడిలోనే పడాలి. ఇది డబ్బుతోనో ఉపన్యాసంతోనో అయ్యే పని కాదు, ఊరికి నలుగురు మన మనుషులు ఉండాలి, వాళ్లు పార్టీ మనుషులు కాకుండా మన మనుషులై ఉండాలి. నా మటుకు ఎర్రన్నాయుడు కెరీర్‌లో కేంద్ర మంత్రి పదవి కన్నా ఈ 1994 గెలుపే పెద్దది. తర్వాత వచ్చినవన్నీ దీని మీద వడ్డీలే.

కులం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే బయట జిల్లాల వాళ్లు దీన్ని భలే కలగాపులగం చేస్తారు. శ్రీకాకుళంలో పెద్ద సంఖ్యలో ఉన్నవి బీసీ కులాలే, కాళింగులు, వెలమలు, తూర్పు కాపులు, తర్వాత మత్స్యకారులు, యాదవులు, రెడ్డికలు ఇలా. ఎర్రన్నాయుడిది వెలమ కుటుంబం, ఆ మాట వినగానే కొందరు బొబ్బిలి రాజులని, తెలంగాణ దొరలని తలుచుకుంటారు. కాదు బాబూ. వాళ్లు పద్మనాయక వెలమలు, ఓసీ. మా దగ్గర కొప్పుల వెలమలు, పొలినాటి వెలమలు అంటారు, పొలం చేసుకునేవాళ్లు, బీసీ లిస్టులో ఉన్నవాళ్లు. పేరు ఒకటే గానీ కథ వేరు. ఇంకో తమాషా ఏంటంటే ధర్మాన ప్రసాదరావు కూడా వెలమే, అంటే జిల్లాలో రెండు ప్రధాన పార్టీలకీ ముఖం అదే వర్గం నుంచి వచ్చింది. అందువల్ల వెలమ ఓట్లు గంపగుత్తగా ఎర్రన్నాయుడికి పడ్డాయి అనేది కూడా నిలబడే మాట కాదు, అవి అటూ ఇటూ చీలుతూనే ఉన్నాయి. ఎంపీ సీటు విషయానికొస్తే అక్కడ చాలాకాలం కాంగ్రెస్ నుంచి బొడ్డేపల్లి రాజగోపాలరావు గారి హవా, ఆయన కాళింగ. కాళింగులు బలంగా ఉన్న సీట్లో ఓ వెలమ నాయకుడు వరసగా నాలుగుసార్లు గెలిచాడంటే కులం లెక్క ఒక్కటే వేసుకుని కూర్చుంటే జవాబు రాదు.

ఇప్పుడు 1996. ఆ రెండేళ్లలో రాష్ట్రంలో జరిగింది అందరికీ తెలిసిందే, 1995 ఆగస్టులో పార్టీ చీలింది, చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు, 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయారు. ఏప్రిల్ మే నెలల్లో లోక్‌సభ ఎన్నికలు, శ్రీకాకుళం నుంచి చంద్రబాబు తెలుగుదేశం అభ్యర్థి ఎర్రన్నాయుడు. రెండేళ్ల కింద సైకిల్‌కి ఎదురు నిలబడి గెలిచినాయన మళ్లీ సైకిల్ ఎక్కారు. అప్పుడు శ్రీకాకుళం జిల్లా మనసు ఎంత రెండుగా చీలి ఉందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు, అదే సంవత్సరం పాతపట్నం ఉప ఎన్నికలో లక్ష్మీపార్వతి గెలిచారు. ఒకే జిల్లా, ఒకే ఏడాది, ఇటు చంద్రబాబు పార్టీ ఎంపీ, అటు లక్ష్మీపార్వతి ఎమ్మెల్యే. అప్పట్లో ఇళ్లల్లో తండ్రీ కొడుకులు కూడా దీని మీద మాట్లాడుకోకుండా భోంచేసిన రోజులున్నాయి.

ఎంపీ అయ్యాక అసెంబ్లీ సీటు వదులుకోవాలి. రెండు సభల్లోనూ ఉండటానికి లేదు, గెజిట్‌లో వచ్చిన పద్నాలుగు రోజుల్లోపు రాష్ట్రంలో సీటుకి రాజీనామా చెయ్యకపోతే పార్లమెంటు సీటే పోతుంది, అదీ రూలు. అలా హరిశ్చంద్రపురం ఖాళీ అయ్యింది, ఉప ఎన్నికలో తమ్ముడు అచ్చెన్నాయుడు నిలబడి గెలిచారు, మళ్లీ 1999, 2004లో కూడా గెలిచారు. వారసత్వ రాజకీయం అని ఎవరైనా తిడితే తిట్టొచ్చు, తప్పేం లేదు, మొదటి మెట్టు అన్న వేసిందే. కాకపోతే ఎర్రన్నాయుడికి వాళ్ల నాన్న నుంచి వచ్చిన సీటేం కాదది, 1983లో ఖాళీ చేతుల్తో మొదలై 1994లో పార్టీ లేకుండా పరీక్ష రాసి సొంతం చేసుకున్నది. ఇంట్లో మొదటి తరానికీ రెండో అడుగుకీ ఉన్న తేడా ఇది.

ఢిల్లీలో అదృష్టం కూడా కలిసొచ్చింది, అది ఒప్పుకోవాలి. 1996లో ఎవరికీ మెజార్టీ లేదు, వాజ్‌పేయి 13 రోజుల్లో దిగిపోయారు, యునైటెడ్ ఫ్రంట్ వచ్చింది, దాని కన్వీనర్ చంద్రబాబు, తెలుగుదేశానికి 16 మంది ఎంపీలు. మొదటిసారి ఎంపీ అయిన మనిషి నేరుగా కేబినెట్ మంత్రి, గ్రామీణ ప్రాంతాలు ఉపాధి శాఖ. దేవెగౌడ పోయి గుజ్రాల్ వచ్చినా 1998 దాకా ఆ శాఖలోనే ఉన్నారు. ఆ శాఖ అంటే ఏదో పేరుకి అనుకోకండి, అప్పటికి ఉపాధి హామీ చట్టం ఇంకా రాలేదు, ఊళ్లల్లో పనులు జరిగేది జవహర్ రోజ్‌గార్ యోజన కింద, ఇళ్లు ఇందిరా ఆవాస్ కింద, ముసలివాళ్లకి కేంద్రం ఇచ్చే పింఛను, ఊరికి మంచినీళ్ల పథకం, ఇవన్నీ ఆ శాఖ చేతిలోవే. వర్షాలు లేకపోతే సామాన్లు సర్దుకుని విజయవాడకో, భిలాయ్‌కో, చెన్నైకో బండెక్కే జిల్లా మాది, అలాంటి జిల్లా మనిషికి దేశమంతా ఊళ్లకి డబ్బు పంపే శాఖ రావడం అనేది అప్పట్లో మా వైపు చిన్న కబురేం కాదు.

కానీ ఢిల్లీలో ఆయన ఎక్కువకాలం చేసింది మంత్రి పని కాదు, ఇది కూడా చాలామందికి తెలీదు. 1998లో మళ్లీ గెలిచారు, 1999లో మళ్లీ. 1999లో తెలుగుదేశానికి 29 ఎంపీలు, వాజ్‌పేయి ప్రభుత్వాన్ని నిలబెట్టిన వాళ్లలో బీజేపీ తర్వాత పెద్ద పార్టీ ఇదే, అయినా మంత్రి పదవులు తీసుకోకుండా బయట నుంచి మద్దతు అన్నారు. అప్పుడు లోక్‌సభలో పార్టీ నాయకుడు ఎర్రన్నాయుడు. అంటే కారు లేదు, శాఖ లేదు, కానీ 29 ఓట్లు ఎటు పడతాయో సభలో లేచి చెప్పేది ఆయనే, అఖిలపక్షం మీటింగ్ అంటే కుర్చీ ఆయనకే, హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి ఏం కోరుతున్నారో ఢిల్లీలో చెప్పేదీ, ఢిల్లీ ఏమందో తిరిగి మోసుకెళ్లేదీ ఆయనే. ఫ్లోర్ లీడర్ ఉద్యోగం పోస్ట్‌మాన్ ఉద్యోగంలా కనిపిస్తుంది గానీ మోసే ఉత్తరంలో ప్రభుత్వం పడిపోయే మాట ఉన్నప్పుడు పోస్ట్‌మాన్‌కి కూడా గౌరవం బాగానే ఉంటుంది. స్పీకర్ బాలయోగి కూడా అదే పార్టీ నుంచి వచ్చినాయన కావడంతో ఆ రెండు మూడేళ్లు తెలుగుదేశం ఢిల్లీలో ఎంత గట్టిగా ఉందో మళ్లీ 2024 దాకా అంత గట్టిగా లేదు.

2004లో మళ్లీ గాలి ఎదురు. వైఎస్ పాదయాత్ర, రాష్ట్రంలో తెలుగుదేశం కూలిపోయింది, 42 ఎంపీ సీట్లలో ఆ పార్టీకి మిగిలినవి 5. అందులో రెండు మా ఉత్తరాంధ్రవే, ఒకటి బొబ్బిలి, ఇంకోటి శ్రీకాకుళం. 1989, 1994, 2004. మూడుసార్లు గాలి ఆయనకి ఎదురుగా వీచింది, మూడుసార్లూ గెలిచారు. అందుకే ఆయన్ని గాలికి గెలిచే మనిషి అనలేం.

మరి 2009లో ఏమైంది.

దీనికి మా ఊళ్లో రెడీమేడ్ జవాబు ఒకటుంది, చిరంజీవి ప్రజారాజ్యం ఓట్లు చీల్చింది అని. సగం నిజం. మూడో పార్టీ వచ్చిన మాట నిజమే, ఓట్లు గట్టిగానే పట్టుకుపోయిన మాట నిజమే, కానీ ఓడిన తేడా 80 వేలు దాటింది, కాంగ్రెస్ నుంచి కిల్లి కృపారాణి గెలిచారు, 2004లో ఆయన చేతిలో ఓడిన ఆవిడే. చీలిక మీద తోసేస్తే ఆ చీలిక కాంగ్రెస్‌ని కూడా చీల్చింది కదా, ప్రజారాజ్యానికి పోయినవన్నీ సైకిల్ ఓట్లే అని ఎవరు చెప్పారు. నేను చూసేది ఇంకోటి, నియోజకవర్గాల పునర్విభజన. ఆ ఎన్నికల నుంచే కొత్త మ్యాప్ అమల్లోకి వచ్చింది, జిల్లాలో 12 అసెంబ్లీ సీట్లు 10 అయ్యాయి, సోంపేట పోయింది, పలాస కొత్తగా వచ్చింది, హరిశ్చంద్రపురం పోయింది. నిమ్మాడ ఉన్న కోటబొమ్మాళి మండలం టెక్కలిలోకి వచ్చింది, మిగతా పల్లెలు పక్క సీట్లకి చెదిరాయి. పాతికేళ్లు ఒక్క పేరు కింద ఒక్క ఇంటివాళ్లకి ఓటేసిన ఊళ్లు ఒక్కసారిగా వేర్వేరు ఎమ్మెల్యే అభ్యర్థుల కింద, వేర్వేరు ముఠాల కింద పడ్డాయి. ఎంపీ ఓటుకి దానికీ సంబంధం ఏంటి అంటారేమో. ఉంది. ఎంపీ అభ్యర్థి ప్రతి ఊరికీ వెళ్లలేడు, ఊళ్లో రెండు ఓట్లూ ఒకేసారి అడిగేది ఎమ్మెల్యే మనుషులు. అన్నకి కావాల్సిన మనుషుల్ని తమ్ముడి సీటు కట్టి ఉంచింది, ఆ కట్టు తెగిపోయింది. అచ్చెన్నాయుడు కొత్తగా టెక్కలికి వచ్చి నిలబడ్డారు, అక్కడా కాంగ్రెస్సే గెలిచింది, కొద్ది నెలలకే ఉప ఎన్నిక వస్తే అందులోనూ కాంగ్రెస్సే. కంచుకోట అనే మాట అప్పుడు ఎవరి నోటా రాలేదు, పాపం.

ఇది నా లెక్క, ఇంకోలా లెక్కేసేవాళ్లు ఉంటారు. పదమూడేళ్లు ఎంపీగా ఉన్న మనిషి మీద జనానికి విసుగు రావడం కూడా ఓ కారణమే, ఢిల్లీ ఎక్కువై పల్లె తక్కువైంది అన్న మాట అప్పుడు నేను కూడా విన్నాను, అందులో కొంత నిజం లేకపోలేదు.

ఓడాక ఆయన ఇంట్లో కూర్చోలేదు. 2011లో జగన్ ఆస్తుల మీద విచారణ జరపాలని హైకోర్టుకి వెళ్లిన వాళ్లలో ఆయన పేరు కూడా ఉంది, ఆ ఆగస్టులో కోర్టు సీబీఐ దర్యాప్తుకి ఆదేశించింది. దాని తర్వాత జరిగిన రాజకీయమంతా వేరే వ్యాసం. ఆయన్ని ఓడించిన కృపారాణి 2012 అక్టోబర్ 28న కేంద్రంలో సహాయ మంత్రిగా ప్రమాణం చేసారు, సరిగ్గా ఐదు రోజులకి, నవంబర్ 2 తెల్లవారుజామున, విశాఖ వైపు నుంచి ఇంటికి వస్తూ రణస్థలం దగ్గర హైవే మీద ఆయన కారు ట్యాంకర్‌ని గుద్దుకుంది. యాభై ఐదేళ్లకే పోయారు. ఆ రోజు నిమ్మాడకి నడుచుకుంటూ వెళ్లిన జనంలో కాంగ్రెస్ వాళ్లు కూడా ఉన్నారు, మా పెదనాన్న ఒకాయన, జన్మలో సైకిల్‌కి ఓటేసి ఎరగడు, పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరితే ఇంట్లో ఎవరం ఏం అడగలేదు.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే, కాబట్టి తొందరగా చెప్పేస్తా. 2014లో కొడుకు రామ్మోహన్ నాయుడు ఇరవై ఆరేళ్లకి ఎంపీ, అంటే దాదాపు నాన్న మొదటిసారి ఎమ్మెల్యే అయిన వయసే, మెజార్టీ లక్షా ఇరవై ఏడు వేలు. అదే ఎన్నికల్లో అచ్చెన్నాయుడు టెక్కలి గెలిచారు, మంత్రి అయ్యారు. కంచుకోట లెక్క మొదలైంది ఇదిగో ఇక్కడ నుంచి. ఇందులో నాకు ఆసక్తిగా అనిపించేది 2014 కాదు, 2019. శ్రీకాకుళం లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట. ఏడులో ఐదు వైసీపీ గెలిచింది, తెలుగుదేశానికి టెక్కలి, ఇచ్ఛాపురం మాత్రమే మిగిలాయి. మామూలు కూడికలు వేస్తే ఎంపీ సీటు పోవాలి. పోలేదు, 6,653 ఓట్ల తేడాతో నిలబడింది. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చిన మూడు ఎంపీ సీట్లలో ఇదొకటి. అంటే ఎమ్మెల్యేకి ఫ్యాన్, ఎంపీకి సైకిల్ అని విడదీసి నొక్కిన చేతులు వేలల్లో ఉన్నాయి. పార్టీ వద్దు, మనిషి కావాలి. 1994లో కొత్త బొమ్మ వెతుక్కుని ముద్ర వేసిన అలవాటే ఇది, తర్వాతి తరానికి వచ్చింది, బ్యాలెట్ పేపర్ పోయి మెషీన్ వచ్చింది అంతే. అందులో రామ్మోహన్ సొంత కష్టం ఎంత, పార్లమెంటులో హిందీలో ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడిన దానికి పడినవి ఎన్ని, నాన్న మీద జాలితో పడినవి ఎన్ని అని తూకం వెయ్యడం నా వల్ల కాదు, మూడూ ఉన్నాయి.

వైసీపీ వాళ్లు కూడా ఊరుకోలేదు లెండి. 2019లో ఎంపీకి దువ్వాడ శ్రీనివాస్‌ని, టెక్కలికి పేరాడ తిలక్‌ని పెట్టారు, ఇద్దరూ ఓడారు. 2024లో అదే ఇద్దరినీ తిరగేసారు, తిలక్ ఎంపీకి, దువ్వాడ టెక్కలికి. మళ్లీ ఇద్దరూ ఓడారు, ఈసారి ఎంపీ మెజార్టీ మూడు లక్షలు దాటింది. కుర్చీలాట ఆడితే కుర్చీలు మారతాయి గానీ ఆట గెలవరు. 2024 జూన్‌లో రామ్మోహన్ నాయుడు కేంద్రంలో పౌర విమానయాన మంత్రి, ముప్పై ఆరేళ్లకి కేబినెట్‌లో అందరికన్నా చిన్న. బాబాయి రాష్ట్రంలో వ్యవసాయ మంత్రి. ఇక్కడ ఓ చిన్న సరదా చెప్పి ముందుకి పోతా, 2014లో ఇదే విమానయాన శాఖ విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు గారి దగ్గర ఉండేది. ఒకాయన కోటలోంచి వచ్చారు, ఒకాయన నిమ్మాడ పొలాల్లోంచి వచ్చిన ఇంటి పిల్లాడు, పదేళ్ల తేడాలో ఇద్దరికీ అదే శాఖ. మధ్యలో భోగాపురం ఎయిర్‌పోర్టు, 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి ఇద్దరు ముఖ్యమంత్రులు శంకుస్థాపన చేసారు. ఉత్తరాంధ్రలో మనకి విమానాల మంత్రులకి కొదవలేదు, పలాస పాసింజర్ టైంకి వస్తే చాలు అనుకునేవాళ్లకీ కొదవలేదు.

ఇంతకీ మా కుర్రాడు అడిగిన ప్రశ్నకి వస్తే, సీటు లేకుండా పోతే అక్కడ ఓట్లు ఏమవుతాయి మావయ్యా అన్నాడు. ఎక్కడికీ పోవురా, ఊళ్లు అక్కడే ఉంటాయి, లిస్టులో పేరు మారుతుంది అంతే అని చెప్పాను. నలభై ఏళ్లు దాటిన వాళ్లని కదిపితే ఇప్పటికీ "మాది హరిశ్చంద్రపురం నియోజకవర్గం" అనే అంటారు, తర్వాత గుర్తొచ్చి నాలిక కరుచుకుని టెక్కలి అంటారు, ఇంకొందరు నరసన్నపేట అంటారు. పోయిన సంక్రాంతికి వాడిని తీసుకుని ఆ పాసింజర్‌లోనే వెళ్లాను, స్టేషన్ వచ్చినప్పుడు బోర్డు చూపించా. ఫొటో తీద్దామని ఫోన్ తీసేలోపే బండి కదిలిపోయింది.